బంగారు మిషనా, నిధుల మిషనా?

మొన్న ఉగాదికి ఇంటికి ఫోన్ చేస్తే మా చిన్నాయన లైన్లోకి వచ్చాడు. కుశలాలు అయ్యాక కాస్త గొంతు తగ్గించి, "రేయ్, నువ్వుండే దేశంలో బంగారు కనిపెట్టే మిషన్లు దొరుకుతాయంట కదా. రెండు రకాలుండాయంట. బంగారు గడ్డలకు ఒకటంట, పాతకాలం నిధులకు ఇంగొకటంట. యాది మేలో చూసి చెప్పు. వచ్చేటప్పుడు ఒకటి పట్టుకొచ్చేవు" అన్నాడు.

నేనుండేది మెల్‌బోర్న్‌లో. మా చిన్నాయన ఉండేది అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో. ఏడెకరాల పొలం. ఇప్పటికి నాలుగు బోర్లు వేయించాడు. నాలుగూ ఎండిపోయాయి, వాటికోసం చేసిన అప్పులు మాత్రం పచ్చగా ఉన్నాయి. పొలం గట్టుకి ఆనుకుని పాడుబడ్డ శివాలయం ఒకటుంది. దాని కింద పాళెగాళ్ళ సొమ్ముందని మా ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఈ మధ్య టౌన్ నుంచి ఎవరో వచ్చి, ఇరవై అడుగుల లోతులో ఉన్నా చూపించే మిషను తన దగ్గరుందని, అద్దెకిస్తానని చెప్పి వెళ్ళాడట. అద్దె కన్నా కొనుక్కోవడమే మేలని మా చిన్నాయన లెక్క.

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను. అప్పుల్లో ఉన్న మనిషి సరదాకి అడిగే ప్రశ్న కాదు అది. రిక్వైర్‌మెంట్ వచ్చింది కాబట్టి మన అలవాటు కొద్దీ ఎక్సెల్ షీట్ తెరిచాను. ఒక పక్క బంగారం మెషిన్లు, ఇంకో పక్క నిధుల మెషిన్లు. ధర, ఫ్రీక్వెన్సీ, లోతు, బరువు... నాలుగు వీకెండ్లు దాని మీదే పోయాయి. చివరికి తెలిసిందేమిటంటే, అసలు పెట్టాల్సిన కాలమ్ ఒకటి నేను పెట్టనే లేదు. అదేమిటో చెప్పాలంటే ముందు ఈ మెషిన్ కథ చెప్పాలి.

మెటల్ డిటెక్టరు పుట్టింది బంగారం కోసం కాదు, ఒక తుపాకి గుండు కోసం. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. గుండు ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకి అంతు చిక్కలేదు. అప్పటికింకా ఎక్స్‌రే లేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ రెండు తీగచుట్టలు, ఒక టెలిఫోన్ రిసీవరు పెట్టి లోహాన్ని పసిగట్టే పరికరం తయారు చేసుకొచ్చాడు. అది దొరకలేదు. పరుపులోని ఇనప స్ప్రింగులు అడ్డం వచ్చాయి. పైగా పెద్ద డాక్టరు గుండు కుడివైపే ఉందని నమ్మి అటే వెతకనిచ్చాడు. అదేమో ఎడమవైపు ఉంది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. మెషిన్ మంచిదే, వెతికిన చోటు తప్పు. మా చిన్నాయన బోర్ల కథ కూడా ఇంచుమించు ఇదే!

తర్వాత 1930లలో గెర్హార్డ్ ఫిషర్ అనే జర్మన్ ఇంజినీరు అమెరికాలో దీన్ని అమ్మకానికి తెచ్చాడు. విమానాలకి దారి చూపే రేడియో పరికరాల మీద పనిచేస్తుంటే, లోహం దగ్గరున్నప్పుడు రీడింగు తప్పుతోందని ఆయన గమనించాడు. అందరూ బగ్ అనుకున్నదాన్ని ఆయన ఫీచర్ చేసి అమ్మాడన్నమాట :). రెండో ప్రపంచయుద్ధంలో యూజెఫ్ కొసాట్స్‌కీ అనే పోలిష్ అధికారి మనిషి మోసుకెళ్ళగలిగే మందుపాతరల డిటెక్టరు తయారుచేశాడు. 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో అలాంటివి ఐదొందల దాకా వాడారు. ఒక్కోటి దాదాపు 14 కిలోలు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన సైనిక పరికరాలు పాత సామాన్ల కింద జనం చేతుల్లో పడ్డాయి. ట్రాన్సిస్టర్లు వచ్చాక బరువు తగ్గింది. 1964లో అమెరికాలో గారెట్ కంపెనీ మొదలైంది. అక్కణ్ణుంచి ఇది సైన్యం పని నుంచి ఆదివారం కాలక్షేపంగా మారింది.

సూత్రం ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్సే. కాయిల్‌లో మారుతూ ఉండే కరెంటు పంపిస్తే చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం. అది నేలలోని లోహంలో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. ఆ ప్రవాహాలు తిరిగి చిన్న క్షేత్రాన్ని పుట్టిస్తే రెండో కాయిల్ దాన్ని వింటుంది. వెళ్ళేటప్పుడు క్షేత్రం దూరం ఘనానికి తగ్గట్టు పడిపోతుంది, వచ్చేటప్పుడూ అంతే. అంటే చిన్న వస్తువు లోతు రెట్టింపైతే సిగ్నల్ సుమారు 64 రెట్లు తగ్గుతుంది. అందుకే ఎంత మంచి మెషినైనా నాణెం సైజు వస్తువుని ఒక అడుగు లోతులో పట్టుకుంటే గొప్ప. బిందె అంత ఉంటే ఇంకాస్త లోతు. ఇరవై అడుగుల్లో నాణేల చెంబు చూపిస్తానన్నవాడు అమ్మేది మెషిన్ కాదు, ఆశ. (అన్నట్టు, వజ్రకరూరు వైపు తొలకరికి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్ళకి ఒక మాట: వజ్రం లోహం కాదు. ఏ మెటల్ డిటెక్టరూ దానికి మోగదు.)

మరి రెండు రకాలెందుకు? సన్న బంగారు పలుకు దొరకాలంటే ఫ్రీక్వెన్సీ ఎక్కువ కావాలి. ఫిషర్ గోల్డ్ బగ్ 2 అనే బంగారం మెషిన్ 71 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. నాణేలకి వాడే గారెట్ ఏస్ 250 అయితే 6.5 కిలోహెర్ట్జే. నాణేల మెషిన్‌కి ఇంకో గుణం ఉండాలి: ఇది ఇనప మేకు, ఇది వెండి నాణెం అని తేడా చెప్పగలగాలి. తిరిగొచ్చిన సిగ్నల్ ఎంత ఆలస్యంగా, ఏ ఫేజ్‌లో వచ్చిందో చూసి తెరమీద ఒక నంబరు చూపిస్తుంది. మూడోది పల్స్ రకం. ఒక్కసారిగా కరెంటు పంపి, ఆపేసి, నిశ్శబ్దంలో ప్రతిధ్వని వింటుంది. నేలలో ఇనుము ఎక్కువున్నా తట్టుకుని లోతుకి వెళ్తుంది. కానీ మేకుకీ బంగారానికీ తేడా సరిగ్గా చెప్పలేదు. మోగిన ప్రతిచోటా తవ్వాల్సిందే.

ఈ రెండు కుటుంబాలకీ రెండు పుట్టిళ్ళున్నాయి. బంగారం మెషిన్ ఆరితేరింది నేనున్న ఈ ఆస్ట్రేలియాలో. నాణేల మెషిన్ రాటుదేలింది ఇంగ్లండులో.

ముందు ఇక్కడి సంగతి. విక్టోరియా రాష్ట్రంలో 1851లో బంగారం బయటపడింది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం పోటెత్తారు. ప్రభుత్వం లైసెన్సు పేరుతో నెలకి 30 షిల్లింగులు పెట్టింది. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. చివరికి 1854 డిసెంబరు 3న బల్లరాట్‌లో యురేకా దగ్గర గనివాళ్ళు తిరగబడ్డారు, సైన్యం కాల్పులు జరిపింది. తిరుగుబాటు ఓడిపోయింది కానీ వాళ్ళ కోరిక గెలిచింది. 1855లో ఆ లైసెన్సు తీసేసి 'మైనర్స్ రైట్' అని ఏడాదికి ఒక పౌండు పత్రం తెచ్చారు. ఆ పేరుతోనే ఆ పత్రం ఇప్పటికీ ఉంది. ఒకసారి తీసుకుంటే పదేళ్ళు. అనుమతి ఉన్న చోట వెతుక్కోవచ్చు, దొరికిన బంగారం మనదే.

1869లో మోలియాగుల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ఒక చెట్టు మొదట్లో, నేల పైపైనే 'వెల్‌కమ్ స్ట్రేంజర్' అనే ముద్ద దొరికింది. దాంట్లోంచి 70 కిలోలకు పైగా బంగారం వచ్చింది. డనోలీ ఊళ్ళో దాన్ని తూచే త్రాసు లేక దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టారు. ఫొటో తీసే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత నూట పదకొండేళ్ళకి, 1980లో, కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్‌కి మెటల్ డిటెక్టరుతో 27 కిలోల 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' దొరికింది. సుమారు అడుగు లోతులో నిలువుగా నిలబడి ఉందట. అది లాస్ వేగాస్‌లో ఒక కాసినోకి చేరింది.

కానీ ఇక్కడి ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. మామూలు మెషిన్లు మట్టికే మోగుతాయి. (మా అనంతపురం ఎర్రనేలలు గుర్తొచ్చాయి. ఆ ఎరుపు కూడా ఇనుముదే.) 1985లో అడిలైడ్‌లో మొదలైన మైన్‌ల్యాబ్ కంపెనీ ఆ సమస్య మీద కూర్చుంది. వాళ్ళ శాస్త్రవేత్త బ్రూస్ క్యాండీ, వేర్వేరు నిడివి పల్సులు పంపించి, వాటిని పోల్చి, మట్టి చేసే గోలని తీసేసే పద్ధతి కనిపెట్టాడు. 1995లో ఎస్‌డీ 2000 వచ్చింది. వందేళ్ళపాటు వేలమంది తొక్కి, తవ్వి, ఇంకేమీ లేదని వదిలేసిన నేలలో మళ్ళీ బంగారం కనిపించడం మొదలైంది.

నేనూ ఒకసారి వెళ్ళాను లెండి. ఆఫీసులో పక్క సీటు పెద్దాయన ఒకాయన తన పాత పల్స్ మెషిన్ ఇచ్చి డనోలీ వైపు అడవిలో తిప్పాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా 23 గుంటలు తవ్వాను. పదకొండు మేకులు, ఆరు సీసపు గుళ్ళు, నాలుగు రేకు ముక్కలు, ఒక బూటు కింద కొట్టే ఇనప లాడం, ఒక డబ్బా మూత. బంగారం సున్నా. తవ్విన ప్రతి గుంటా పూడ్చాకే పెద్దాయన కారు తీశాడు. ఆ లాడం నా చేతిలో చూసి, "అది ఎక్కడ దొరికిందో రాసుకున్నావా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే అదిక ఉత్తి ఇనుమే" అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు.

ఎక్కింది ఇంగ్లండు కథ చదివాక.

ఇంగ్లండులో బంగారు ముద్దలు దొరికేది తక్కువ. దొరికేవి మనుషులు పోగొట్టుకున్నవి, దాచుకున్నవి: రోమన్ నాణేలు, ఆంగ్లో శాక్సన్ నగలు, గుండీలు, ఉంగరాలు. 1970లలో డిటెక్టర్లు చవకయ్యేసరికి వేలమంది పొలాల మీద పడ్డారు. పురావస్తు శాఖ వాళ్ళకి ఒళ్ళు మండింది. 1980లో 'మా గతాన్ని ఎత్తుకుపోవడం ఆపండి' అని ఉద్యమమే నడిపారు. వీళ్ళని చూస్తే వాళ్ళకి దొంగల్లా, వాళ్ళని చూస్తే వీళ్ళకి దొరల్లా కనిపించేవారు. 1980ల మధ్యలో సర్రేలోని వాన్‌బరో దగ్గర ఒక రోమన్ గుడి ఉన్న పొలాన్ని రాత్రిళ్ళు వచ్చి తవ్వేశారు. వేల నాణేలు చేతులు మారాయి. కోర్టులో కేసులు నిలబెట్టడం కష్టమైంది. పాత చట్టం ప్రకారం, దాచినవాడు మళ్ళీ తీసుకుందామనే దాచాడని తేలితేనే అది నిధి. గుడిలో దేవుడికి వేసిన కానుకలకి ఆ మాట ఎలా అతుకుతుంది?

దీనికి సరిగ్గా ఎదురు కథ 1992 నవంబరులో హాక్స్‌ని అనే ఊళ్ళో జరిగింది. పీటర్ వాట్లింగ్ అనే రైతు సుత్తి పొలంలో ఎక్కడో పడిపోయింది. స్నేహితుడు ఎరిక్ లాస్ డిటెక్టరు పట్టుకుని వెతకడానికి వెళ్ళాడు. సుత్తి బదులు బంగారు, వెండి నాణేలు, వెండి చెంచాలు బయటపడ్డాయి. లాస్ చేసిన గొప్ప పని మెషిన్‌తో చేసింది కాదు. కొన్ని తీశాక తవ్వడం ఆపేసి కబురు చేశాడు. మర్నాడు పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టు తీశారు. దాదాపు 15 వేల నాణేలు. ఏ వస్తువు పక్కన ఏది ఉందో చూడబట్టే, అదంతా ఒక చెక్కపెట్టెలో, లోపల చిన్న చిన్న పెట్టెల్లో సర్ది పెట్టారని తెలిసింది. చివరి నాణేలని బట్టి, దాచింది క్రీ.శ. 407 తర్వాత అని తెలిసింది. అంటే రోమన్ పాలన బ్రిటన్‌లో కుప్పకూలుతున్న రోజుల్లో ఒక కుటుంబం తన సొమ్ము సర్దుకుని, మళ్ళీ వద్దామనుకుని, రాలేకపోయింది. నాణేలని కరిగిస్తే వాటిలో ఈ కథ ఒక్క గ్రాము కూడా ఉండదు. లాస్‌కి 17.5 లక్షల పౌండ్ల బహుమానం వచ్చింది, దాన్ని రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది!

ఈ అనుభవాలన్నీ అయ్యాక వాళ్ళు చట్టం మార్చారు. 1996లో ట్రెజర్ యాక్ట్ చేశారు, 1997 నుంచి అమలు. దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. మ్యూజియం తీసుకుంటే పూర్తి మార్కెట్ ధర ఇస్తుంది, అది మామూలుగా కనుక్కున్నవాడికీ భూమి యజమానికీ పంచుతారు. నిధి కిందకి రాని గుండీ, చిల్లు కాసు లాంటివి కూడా ఇష్టమైతే చూపించి నమోదు చేయించుకునే పథకం అదే ఏడాది మొదలైంది. ఆ డేటాబేస్‌లో ఇప్పుడు 15 లక్షలకి పైగా వస్తువులున్నాయి, దొరికిన చోటుతో సహా.

అందరూ మారారని కాదు. 2015లో లెమ్‌స్టర్ దగ్గర ఇద్దరికి వైకింగుల కాలం నాటి నిధి దొరికింది. వాళ్ళు చెప్పకుండా అమ్ముకున్నారు. సుమారు 300 నాణేలుంటాయని అంచనా, పోలీసులకి మొదట చిక్కినవి 31. వాటిల్లో ఆల్‌ఫ్రెడ్ రాజుతో పాటు, చరిత్రలో చేతకానివాడిగా మిగిలిపోయిన మెర్సియా రాజు రెండో కియోల్వుల్ఫ్ కూడా ఉన్నాడు. ఇద్దరూ మిత్రులుగా ఉండేవారని ఆ నాణేలు చెప్తున్నాయి. దొరకని మిగతావి ఇంకేం చెప్పేవో ఎవరికీ తెలియదు. 2019లో ఆ ఇద్దరూ జైలుకి వెళ్ళారు.

ఇప్పుడు నా షీట్‌లో లేని కాలమ్ సంగతి. మన భాషలో చెప్పాలంటే అది మెటాడేటా.

బంగారు ముద్దకి మెటాడేటా ఉండదు, ఉన్నా భూగర్భ శాస్త్రజ్ఞులకే. పీకినా కరిగించినా దాని విలువ దాంట్లోనే ఉంది. నాణెం అలా కాదు. ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన, ఎన్నింటితో కలిసి దొరికింది అన్నదాంట్లోనే సగానికి పైగా విలువ. టైమ్‌స్టాంపూ సర్వర్ పేరూ లేని లాగ్ లైను పట్టుకుని మీరెప్పుడైనా అర్ధరాత్రి ప్రొడక్షన్ ఇష్యూ వెతికారా? గుంటలోంచి పీకి జేబులో వేసుకున్న నాణెం అలాంటిదే. కాబట్టి ఆ రెండు మెషిన్ల మధ్య అసలు తేడా 71కీ 6.5కీ మధ్య లేదు. ఒకటి మోగితే తవ్వాలి. రెండోది మోగితే చాలాసార్లు ఆగాలి. ఆగడం ఏ కంపెనీ మెషిన్‌లోనూ ఫీచర్ కాదు. అది మనిషిలో ఉండాలి. లేదా ఆగితే నష్టం లేదనే నమ్మకం చట్టం ఇవ్వాలి.

మా ఊరి విషయం ఇక్కడే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒక రైతు దున్నుతుంటే మట్టి చెంబు ఒకటి పగిలి బంగారు కాసులు బయటపడ్డాయి. నలుగురు పంచుకున్నారు. నేను ఒకటి చూశాను, చింతగింజంత ఉంది. ఒక పక్క ఏదో జంతువు. పందో ఏనుగో చెప్పలేను. వారం తిరక్కుండా అన్నీ టౌన్‌లో ఆచారి కొలిమిలో కరిగిపోయాయి. ఏ రాజువో, ఏ కాలానివో, ఎవరు ఎందుకు దాచారో ఇక దేవుడికే తెలియాలి.

వాళ్ళని తిట్టబుద్ధి కాదు. మా ఊరికి వర్తించిన చట్టం 1878 నాటిది, తెల్లదొరలు చేసింది. పది రూపాయల విలువ మించి ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలి. సొంతదారు తేలకపోతే కనుక్కున్నవాడికి ముప్పావు, భూమి యజమానికి పావు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రభుత్వం తీసుకోదలిస్తే ఇచ్చేది ఎంత? ఆ లోహం ధర, దాని మీద ఐదో వంతు. అంతే. అంటే ఆ కాసు వెయ్యేళ్ళదైనా, ప్రపంచంలో అదొక్కటే ఉన్నా, చరిత్ర విలువ నూటికి ఇరవై! ఆ ఇరవై కోసం ఆఫీసుల చుట్టూ, స్టేషను చుట్టూ తిరిగేదెవరు? ఆచారి ఇచ్చేది అప్పటికప్పుడు చేతిలో పడుతుంది. ఇంగ్లండువాళ్ళు మనకన్నా నిజాయితీపరులని నేననుకోను. నిజాయితీగా ఉంటే నష్టం రాకుండా వాళ్ళు చట్టం రాసుకున్నారు. మనకి మాత్రం ఆ తెలివి ఇవ్వకుండా పోయారు.

పోయిన ఆదివారం చిన్నాయనకి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఇరవై అడుగుల మాట అబద్ధమని, 64 రెట్ల లెక్కతో సహా. ఎర్రమట్టికి మామూలు మిషను పనికిరాదని, పనికొచ్చేదాని ధరకి ఇంకో రెండు బోర్లు వస్తాయని. గుడి పక్క తవ్వితే దొరికేది నిధి కాదు, కేసు అని. నేను మిషను తేనని, దాని బదులు బోరు బాకీలో కొంత పంపిస్తానని. కాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నా.

తర్వాత అన్నాడు: "ఆ చెంబు యాడ దొరికిందో నీకు తెల్దు కదా. నేనాడే ఉంటి. గుడికి ఉత్తరం పక్క, కానగ చెట్టుకు పది అంగలు. మడక కర్రు లోతే. చెంబు మూతికి మైనం ఉండె. ముప్పై ఆరు కాసులు. నేనే లెక్కబెడితి."

నేను గబగబా నోట్‌ప్యాడ్ తెరిచి తారీఖు వేసి టైపు చేసుకున్నాను. డేటా కరిగిపోయింది, మెటాడేటా మాత్రం ఇన్నేళ్ళూ మా చిన్నాయన తలకాయలో భద్రంగా ఉంది. ఆయన తర్వాత అదీ ఉండదు. ఈసారి ఊరికెళ్ళినప్పుడు మీరు కూడా మీ పెద్దవాళ్ళని ఒకమాట అడిగి చూడండి. ఏం దొరికింది అని కాదు, ఎక్కడ దొరికింది అని.